సుంకం వసూలు చేసే చేతికే దీపం అప్పగించారు
(తొలినాటి అమెరికా ప్రభుత్వంలో పన్నుల పాలన, లైట్‌హౌస్‌ల పాలన: ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఒక తగాదాతో మొదలుపెడతాను. న్యూయార్క్ రేవులోకి వచ్చే ఓడలకు దారి చూపే లైట్‌హౌస్ శాండీ హుక్ అనే ఇసుక తిప్ప మీద ఉంది. 1764లో వెలిగింది, ఇప్పటికీ నిలబడే ఉంది. దాన్ని కట్టించింది న్యూయార్క్ వాళ్లు, లాటరీలు నడిపి వచ్చిన డబ్బుతో. నేల మాత్రం న్యూజెర్సీది. 1787లో న్యూయార్క్ చట్టసభ ఒక చట్టం చేసింది. న్యూజెర్సీ నుంచి సరుకు తెచ్చే చిన్న పడవలు కూడా పెద్ద ఓడల్లాగే రేవు కచేరీలో నమోదు చేయించుకోవాలి, రుసుము కట్టాలి. న్యూజెర్సీకి ఒళ్లు మండింది. మా నేల మీద మీ దీపం ఉంది కదా అని లైట్‌హౌస్ మీద నెలకు 30 పౌన్ల పన్ను వేసింది.

స్వాతంత్ర్య యుద్ధం ముగిసి పట్టుమని పదేళ్లయినా కాలేదు. అప్పటికే రాష్ట్రానికో సుంకం, రేవుకో రుసుము, చివరికి దీపం మీద కూడా పన్ను. కొత్త రాజ్యాంగం కింద 1789లో కాంగ్రెస్ కూర్చున్నప్పుడు ఏ పని ముందు పెట్టుకుందో చూస్తే ఈ తగాదా వాళ్లకు ఎంత బాగా గుర్తుందో తెలుస్తుంది. జులై 4న దిగుమతి సుంకాల చట్టం. జులై 20న ఓడల టన్నేజీ పన్ను, అంటే ఓడ సామర్థ్యాన్ని బట్టి వేసేది. జులై 31న వసూలు చట్టం. ఆగస్టు 7న లైట్‌హౌస్‌ల చట్టం. ఖజానా శాఖ ఏర్పడింది ఆ తర్వాత, సెప్టెంబరు 2న. అలెగ్జాండర్ హామిల్టన్ దానికి కార్యదర్శి, అంటే మన ఆర్థిక మంత్రి లాంటివాడు, అయ్యింది సెప్టెంబరు 11న. అంటే పన్ను ముందు పుట్టింది, దీపం రెండోది, ఆ రెండింటినీ చూసుకునే శాఖ మూడోది. హామిల్టన్ కుర్చీలో కూర్చునేసరికి రేవుల్లో మనుషులు అప్పటికే పనిలో ఉన్నారు.

ఆ మనుషులెవరో ముందు చూద్దాం. ఈ కథంతా వాళ్ల బల్లల మీదే నడుస్తుంది.

పెద్ద రేవులో ముగ్గురు అధికారులు. మొదటివాడు కలెక్టరు. మన జిల్లా కలెక్టరు పేరు శిస్తు వసూలు నుంచి వచ్చినట్టే, ఈయన పేరు సుంకం వసూలు నుంచి వచ్చింది. రెండోవాడు నేవల్ ఆఫీసరు. పేరు చూసి నౌకాదళం మనిషి అనుకోకండి, ఆయనకు తుపాకీతో పనిలేదు. ఓడల సరుకు జాబితాల నకళ్లు విడిగా తన దగ్గర ఉంచుకుని, కలెక్టరుతో కలిసి సుంకం అంచనా కట్టి, కాగితాల మీద ఎదురు సంతకం చేయడం ఆయన పని. కలెక్టరు లెక్కకు ఇంకో లెక్క పోటీగా ఉండాలని ఆ పదవి పెట్టారు. మూడోవాడు సర్వేయరు. ఈయన బల్ల దగ్గర కూర్చోడు, రేవు గట్టు మీద తిరుగుతాడు. తనిఖీదారులు, తూకందారులు, పీపాలు కొలిచేవాళ్లు ఆయన కింద ఉంటారు. చిన్న రేవుల్లో ఈ మూడు పనులూ ఒక్క కలెక్టరే చేసుకోవాలి.

ఓడ వచ్చాక పని ఎలా సాగేదంటే, ముందు ఓడ కెప్టెను సరుకు జాబితా ఇచ్చి ప్రమాణం చేస్తాడు. సరుకు ఎవరిదో ఆ వ్యాపారి ఇన్వాయిస్ తెచ్చి తన వాటా నమోదు చేయిస్తాడు. కలెక్టరు, నేవల్ ఆఫీసరు కలిసి సుంకం అంచనా వేస్తారు. వ్యాపారి డబ్బు కట్టాలి, లేదా బాండు రాయాలి. అప్పుడే సరుకు దించే పర్మిట్. దించడం కూడా పట్టపగలే. రాత్రివేళ ప్రత్యేక అనుమతి లేకుండా ఒక్క పెట్టె కదిపినా నేరం. ఓడ మీద తనిఖీదారు కూర్చుని ఉంటాడు. ప్రతి పీపాకూ, మూటకూ గుర్తు రాసుకుంటాడు. తూకం, కొలత అయ్యాక అసలు సుంకం తేలుతుంది.

బాండు గురించి కాస్త ఆగి చెప్పాలి. అప్పట్లో నగదు తక్కువ. సరుకు అమ్ముడైతే గానీ వ్యాపారి చేతిలో డబ్బు ఆడదు. అందుకని సుంకం 50 డాలర్లు దాటితే జామీనుతో బాండు రాసి గడువు తీసుకోవచ్చు. వెస్టిండీస్ సరుకుకు 4 నెలలు, మదీరా వైనుకు 12 నెలలు, మిగతా వాటికి 6 నెలలు. గడువు వద్దు, ఇప్పుడే కడతానంటే సాలుకు 10 శాతం లెక్కన తగ్గింపు. గడువు దాటినా బాండు తీర్చని వ్యాపారికి మళ్లీ అరువు ఉండదు, పాత బాకీ చెల్లించేదాకా ప్రతి ఓడకూ రొక్కమే. నా దృష్టిలో ఈ వ్యవస్థకు వెన్నెముక ఇదే. జైలు భయం కంటే వచ్చే ఓడకు అరువు పుట్టదన్న భయమే వ్యాపారిని సమయానికి కట్టించింది.

రేట్లలో మనకు సంబంధించిన ముక్క ఒకటి ఉంది. విదేశీ ఇన్వాయిస్‌లు విదేశీ డబ్బులో ఉంటాయి కాబట్టి ఏ నాణేన్ని ఎన్ని డాలర్లుగా లెక్కించాలో వసూలు చట్టంలోనే రాశారు. బ్రిటిష్ పౌను 4 డాలర్ల 44 సెంట్లు. బెంగాల్ రూపాయి 55న్నర సెంట్లు. ఇండియా పగోడా 1 డాలరు 94 సెంట్లు. ఈ పగోడా మన వరహానే. చెన్నపట్నంలోనూ మన కోస్తా రేవుల్లోనూ చెల్లే బంగారు వరహా, అమెరికా కాంగ్రెస్ మొదటి సమావేశంలో చేసిన చట్టంలో ధరతో సహా ఎక్కింది. ఆ ఏడాది సుంకాల చట్టం ఇంకొకటి కూడా చెప్పింది. చైనా, ఇండియాల నుంచి టీ కాక మరే సరుకైనా విదేశీ ఓడలో వస్తే పన్నెండున్నర శాతం సుంకం. మామూలు సరుకుల మీద 5 శాతమే. మన తీరం బట్టలు అమెరికా ఓడలోనే రావాలన్నది దాని ఉద్దేశం. టన్నేజీ పన్నులోనూ అదే పద్ధతి. స్వదేశీ ఓడకు టన్నుకు 6 సెంట్లు, విదేశీ ఓడకు 50 సెంట్లు.

వసూలైన డబ్బులో కలెక్టరుకు కమిషన్ ఉండేది. బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా లాంటి పెద్ద రేవుల్లో అర శాతం, చిన్నచోట్ల 1 శాతం. దాంతోపాటు ఓడల కాగితాలకు రుసుములు. చిన్న రేవులో 1 శాతం పెట్టినా ఓడలే రాకపోతే ఏం మిగులుతుంది? చాలామంది చిన్న రేవు కలెక్టర్లకు చాలీచాలని రాబడే. ఈ మాట గుర్తుంచుకోండి, దీపాల దగ్గర మళ్లీ వస్తుంది.

వారం వారం ఎంత వచ్చింది, ఎంత పంపాం అని కలెక్టరు ఖజానాకు రాయాలి. ఖజానా లోపల కూడా ఒక్క చేతి మీద ఏదీ నడవదు. ఆడిటరు లెక్క పరిశీలిస్తాడు. కంట్రోలరు ధ్రువీకరిస్తాడు. డబ్బు బయటికి వెళ్లాలంటే కార్యదర్శి వారంటు రాయాలి, కంట్రోలరు ఎదురు సంతకం పెట్టాలి, రిజిస్ట్రారు నమోదు చేయాలి, అప్పుడు ట్రెజరర్ చెల్లిస్తాడు. 1791 చివరికల్లా కస్టమ్స్ ద్వారా వచ్చింది సుమారు 44 లక్షల డాలర్లు. ప్రభుత్వ ఆదాయంలో ఎక్కువ భాగం అదే.

దొంగ సరుకు మాటేమిటంటే, దానికి 1790 ఆగస్టు 4 చట్టం 10 గస్తీ పడవలకు అనుమతి ఇచ్చింది. పదింటికీ కలిపి ఖర్చు 10,000 డాలర్లు మించకూడదు. పడవకు ఒక కెప్టెను, ముగ్గురు దాకా మేట్లు, నలుగురు నావికులు, ఇద్దరు కుర్రాళ్లు. కెప్టెనుకు నెలకు 30 డాలర్లు, నావికుడికి 8, కుర్రాడికి 4. తీరానికి 4 లీగుల (లీగు అంటే సుమారు మూడు మైళ్లు) దూరంలోపు ఓడ ఎక్కి జాబితా చూసి, సరుకు గదుల తలుపులకు సీలు వేయవచ్చు. 1791 జూన్‌లో హామిల్టన్ ఈ కెప్టెన్లకు పంపిన ఉత్తర్వు చదవదగ్గది. మీరు ఆపే మనుషులు స్వేచ్ఛాపౌరులు, అధికార దర్పం జాడ కనిపించినా సహించరు, నెమ్మదిగా మాట్లాడండి అని అర్థం వచ్చేలా రాశాడు. అప్పటికి సుమారు ఇరవై ఏళ్ల ముందే బ్రిటిష్ కస్టమ్స్ ఓడను ఇదే జనం తగలబెట్టారని ఆయనకు తెలుసు.

ఇక దీపాలు.

ఆగస్టు 7 చట్టం చెప్పింది క్లుప్తంగా ఇది. 1789 ఆగస్టు 15 నుంచి లైట్‌హౌస్‌లు, బీకన్లు (దారి చూపే గుర్తులు), బోయాలు (నీటి మీద తేలే గుర్తులు), ప్రజల రేవు కట్టల నిర్వహణ ఖర్చంతా కేంద్ర ఖజానా భరిస్తుంది. ఒక్కటే షరతు. ఏడాది లోపల ఆయా రాష్ట్రాలు వాటిని, నేలతో సహా, అధికార పరిధితో సహా, కేంద్రానికి రాసివ్వాలి. ఇవ్వకపోతే ఖర్చు వాళ్లదే. అప్పటికి వెలుగుతున్నవి డజను దాకా ఉన్నాయి. అన్నిటికంటే ముందు, 1716లో, దీపం వెలిగింది బోస్టన్‌లో. ఏడాది చాలలేదు. కొన్ని రాష్ట్రాలు నేల ఇస్తాం, పరిధి ఇవ్వం అన్నాయి. గడువును కాంగ్రెస్ మళ్లీ పొడిగించాల్సి వచ్చింది. శాండీ హుక్ తగాదా మాత్రం ఆ రాసివ్వడంతోనే చల్లారింది. దీపం ఎవరిదో తేలాక దాని మీద పన్ను వేయడానికి ఎవరికీ దారి లేదు.

రాష్ట్రాల్లో వీటిని చూడటానికి కొత్త మనుషులను పెట్టలేదు. చాలాచోట్ల కస్టమ్స్ కలెక్టరే లైట్‌హౌస్‌ల సూపరింటెండెంటు. బోస్టన్ కలెక్టరు బెంజమిన్ లింకన్ మసాచుసెట్స్ తీరం దీపాలన్నీ చూశాడు. న్యూ లండన్‌లో జెడిడయా హంటింగ్టన్, న్యూపోర్ట్‌లో విలియం ఎలరీ. ఇందులో లాజిక్ ఉంది. కలెక్టరు రేవులో ఉంటాడు, చేతిలో ప్రభుత్వ సొమ్ము ఉంటుంది, లెక్క రాయడం వచ్చు, ఓడల కెప్టెన్లు రోజూ ఎదురుపడతారు. ఏ దీపం వెలగడం లేదో ముందు తెలిసేది ఆయనకే. వసూలు చేసిన సుంకంలోంచే నూనె కొని, కాపలాదారుకు జీతమిచ్చి, ఓచర్లు కట్టి అప్పటి రాజధాని ఫిలడెల్ఫియాకు పంపేవాడు. అయితే కాంట్రాక్టుల మీదా, కాపలాదారు నియామకం, జీతం మీదా ఆయనకు తుది మాట లేదు. అవి ఖజానా మీదుగా అధ్యక్షుడి దగ్గరకే వెళ్లాలి. జార్జ్ వాషింగ్టన్ ఆ చిన్న కాగితాలు స్వయంగా చూసి ఆమోదించేవాడు.

కాంట్రాక్టు ఎలా నడిచేదో ఒక ఉదాహరణ. చెసపీక్ అఖాతం ముఖద్వారం దగ్గర కొత్త లైట్‌హౌస్ కట్టాలని 1789 చట్టంలోనే ఉంది. వర్జీనియా కేప్ హెన్రీ దగ్గర నేల ఇచ్చింది. 1791 మార్చిలో న్యూయార్క్ కట్టడందారు జాన్ మెక్‌కోంబ్ జూనియర్‌తో 15,200 డాలర్లకు ఒప్పందం కుదిరింది. ఎనిమిది పలకల రాతి బురుజు, ఎత్తు 72 అడుగులు. పునాది లోతు ఒప్పందంలో 13 అడుగులు. తవ్వితే 13 అడుగులకు కూడా వదులు ఇసుకే. మెక్‌కోంబ్ 20 అడుగులకు దిగాడు. ఆ అదనపు పనికి మరో 2,500 డాలర్లు. ఒప్పందంలో లేని ఖర్చు, అయినా ఖజానా ఒప్పుకుంది. సరైన పనే చేసింది. 13 అడుగుల దగ్గర ఆపి ఉంటే ఒప్పందం నెరవేరేది, బురుజు నిలిచేది కాదు. 1792 అక్టోబరులో దీపం వెలిగింది. ఆరేళ్లకు ఇంజనీరు బెంజమిన్ లాట్రోబ్ వచ్చి చూసేసరికి గాలికి కొట్టుకొచ్చిన ఇసుక కాపలాదారు ఇంటి చుట్టూ గుట్టలు పడి ఉంది. బురుజు మాత్రం నేటికీ ఉంది.

పోర్ట్‌లండ్ హెడ్ లైట్‌హౌస్‌ది ఇంకో రకం చిక్కు. మసాచుసెట్స్ సగం కట్టి వదిలేసింది. 1790లో కాంగ్రెస్ 1,500 డాలర్లు ఇచ్చింది. ముందనుకున్న 58 అడుగుల ఎత్తులో దీపం పెడితే పక్క కొండకొన అడ్డొచ్చి దక్షిణం వైపు ఓడలకు కనబడదని కట్టేటప్పుడు తేలింది. ఇంకా ఎత్తు లేపాలన్నారు. ఒక మేస్త్రీ పని వదిలి వెళ్లిపోయాడు, ఇంకొకాయన ముగించాడు. 1791 జనవరిలో వెలిగింది. మొదటి కాపలాదారు జోసెఫ్ గ్రీన్‌లీఫ్‌కు మొదట్లో జీతమే లేదు, ఉండటానికి ఇల్లు తప్ప. 1793లో ఏడాదికి 160 డాలర్లు ఇచ్చారు.

ఆ జీతానికి పనేమిటో తెలుసుకోవాలి. అప్పటి దీపం మన ప్రమిదకు పెద్దన్న లాంటిది. నూనె పోసిన పళ్లెం, అందులో నాలుగైదు ఒత్తులు. చుట్టూ గాజు పలకలు. నూనె తిమింగలం నుంచి తీసింది. చిమ్నీ లేదు కాబట్టి గాలి సరిగా అందక ఒత్తి మసి కడుతుంది, మసి గాజుకు పడుతుంది, వెలుగు సగానికి పడిపోతుంది. రాత్రంతా ఒత్తులు కత్తిరిస్తూ ఉండాలి, తెల్లారాక గాజు తుడవాలి. ఉత్తర తీరంలో చలికాలం ఇంకా కష్టం. నూనె గడ్డకట్టి ఒత్తికి ఎక్కదు. కాపలాదారు నూనెను పొయ్యి దగ్గర వెచ్చబెట్టి పైకి మోసుకెళ్లాలి. చలికి వడగట్టిన నూనె వేరే దొరుకుతుంది, ధర ఎక్కువ. ఒక్కరాత్రి నిద్రపోతే ఓడ రాళ్లకు తగులుతుంది. అందుకే కాపలాదారుల చిన్న నిర్లక్ష్యానికైనా ఉద్యోగం తీసేయాలని తర్వాత అధ్యక్షుడైన జెఫర్సన్ రాశాడు.

(సభలోంచి ఒకరు: ఈ దీపాల ఖర్చు ఓడల దగ్గర విడిగా వసూలు చేసేవారాండీ?)

మంచి ప్రశ్న వేశారండీ. ఇంగ్లండులో అదే పద్ధతి. దీపాలు చూసే ట్రినిటీ హౌస్ అనే సంస్థ, కొన్నిచోట్ల ప్రైవేటు యజమానులు, దాటిపోయే ఓడ దగ్గర దీపం సొమ్ము వసూలు చేసేవాళ్లు. వలస కాలంలో అమెరికా రాష్ట్రాలదీ అదే దారి. 1789 తర్వాత స్వదేశీ ఓడల మీద దీపానికంటూ ప్రత్యేక రుసుము లేదు, సాధారణ ఆదాయంలోంచే ఖర్చు. 1804లో మాత్రం విదేశీ ఓడల మీద టన్నుకు 50 సెంట్లు ‘లైట్ మనీ’ పేరుతో వేశారు. పేరు దీపానిది, ఉద్దేశం వాణిజ్యానిది. ఏ దీపానికి ఎంత ఖర్చో అంత వసూలు అనే లెక్క అక్కడ లేదు. ఇది మేలే చేసిందని నా అభిప్రాయం. ఓడలు తక్కువ తిరిగే ప్రమాదకరమైన రాళ్ల దగ్గర దీపం ఎప్పుడూ తన ఖర్చు తాను సంపాదించుకోలేదు.

సరే, 1792కి వద్దాం. అంతకు ఏడాది ముందు, మార్చి 3న, హామిల్టన్ సారా మీద ఎక్సైజు తెచ్చాడు. దేశాన్ని 14 జిల్లాలుగా విడదీసి ఒక్కో జిల్లాకు సూపర్‌వైజరు, కింద ఇన్‌స్పెక్టర్లు, వాళ్ల కింద వసూలుదారులు. పట్టణాల్లో పీపా పీపా కొలిచి, హైడ్రోమీటరుతో ఘాటు చూసి, నంబరు వేసి, సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్ లేని పీపా దొరికితే జప్తు. పల్లెల్లో బట్టీ ఎంత పడుతుందో కొలిచి, గాలను సామర్థ్యానికి ఏడాదికి 60 సెంట్లు. 1792లో 54కు తగ్గించి, కావలిస్తే నెలకు 10 సెంట్ల లెక్కన లైసెన్సు తీసుకోవచ్చన్నారు.

దెబ్బ ఎక్కడ తగిలిందంటే, బట్టీ పరిమాణం మీద పన్ను వేస్తే ఏడాది పొడవునా వేగంగా కాచే పెద్ద బట్టీదారుకు గాలనుకు పడేది తక్కువ. పంట చేతికొచ్చాక నాలుగు వారాలు కాచుకునే రైతుకు ఎక్కువ. పైగా పశ్చిమ పెన్సిల్వేనియాలో నగదే లేదు, అక్కడ సారాయే మారకం. పన్ను మాత్రం రొక్కంలో కట్టాలి. కేసు పడితే కొండలు దాటి 300 మైళ్ల దూరంలో ఫిలడెల్ఫియా కోర్టు. చిన్నవాళ్ల కోపానికి కారణం పన్ను మొత్తం కాదు, ఈ కొలమానం. 1794 జులైలో ఇన్‌స్పెక్టరు జాన్ నెవిల్ ఇల్లు తగలబడింది. ఆ శరత్తులో తిరుగుబాటును అణచడానికి దాదాపు 13,000 మంది మిలీషియా (రాష్ట్రాల పౌరసేన) పశ్చిమానికి నడిచింది.

ఇంత గొడవను ఫిలడెల్ఫియాలో చూసిన బల్ల ఎవరిదనుకున్నారు? 1792 మేలో రెవెన్యూ కమిషనరు పదవి పెట్టారు, టెంచ్ కాక్స్‌ను నియమించారు. అదే ఏడాది హామిల్టన్ లైట్‌హౌస్‌లను కూడా కాక్స్‌కే అప్పగించాడు. అంటే సారా బట్టీల ఇన్‌స్పెక్టర్ల ఉత్తరాలు, కేప్ హెన్రీ పునాది బిల్లు, తిమింగలం నూనె కొటేషన్లు, బోయా గొలుసుల రశీదులు, అన్నీ ఒకే గదిలో. 1802లో జెఫర్సన్ ప్రభుత్వం అంతర్గత పన్నులన్నీ ఎత్తేసింది, కమిషనరు పదవి పోయింది. బట్టీల పన్ను రద్దయింది గానీ దీపాలు రద్దు కావు కదా. అవి నేరుగా ఖజానా కార్యదర్శి ఆల్బర్ట్ గాలటిన్ బల్ల మీదకు వచ్చాయి. 1813లో బ్రిటన్‌తో యుద్ధ ఖర్చుకు మళ్లీ పన్నులు వస్తే కమిషనరు పదవీ తిరిగొచ్చింది, దాంతో దీపాలు మళ్లీ అటు వెళ్లాయి. 1820లో ఆ దారి మూసుకుపోయి ఖజానాలోని ఫిఫ్త్ ఆడిటర్, అంటే ఐదో ఆడిటరు, చేతికి చేరాయి. పన్నుల శాఖ ఎటు ఊగితే దీపాలు అటు ఊగాయి.

ఈ ప్రసంగంలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇక్కడ ఉంది. ఆ యంత్రాంగం లెక్క చూడటంలో దిట్ట. గాలను నూనెకు ఎంత, ఏ కాపలాదారు ఎంత వాడాడు, ఓచరు ఉందా లేదా, ఇవన్నీ పట్టేస్తుంది. ఆ దీపం పది మైళ్ల దూరంలో ఓడ మీద నిలబడ్డవాడికి ఎలా కనిపిస్తోంది అన్న ప్రశ్నకు దాని ఫారంలో గడి లేదు. గడి లేని సంగతి ఎవరూ నింపి పంపరు. తక్కువ కమిషన్‌తో నెట్టుకొచ్చే చిన్న రేవు కలెక్టరు రాత్రిపూట పడవేసుకుని దీపం చూసిరావాలని ఎందుకు అనుకుంటాడు?

1810లో విన్‌స్లో లూయిస్ ఒక పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. చిమ్నీ ఉన్న ఆర్గాండ్ దీపం, వెనక అద్దం, ముందు గాజు లెన్సు. నూనె సగమే పడుతుందన్నాడు. నూనె లెక్క చూసే శాఖకు ఇంతకంటే తియ్యని మాట ఉంటుందా? 1812 మార్చిలో కాంగ్రెస్ ఒప్పుకుంది. పేటెంటును 20,000 డాలర్లకు కొని 49 లైట్‌హౌస్‌లకు అమర్చే కాంట్రాక్టు అతనికే ఇచ్చారు. నూనె నిజంగానే తగ్గింది. పాత పళ్లెం దీపం కంటే మెరుగే. లోపం మిగతా భాగాల్లో ఉంది. వెనక అద్దం కాంతిని ఒకే దిక్కుకు పంపే సరైన పారాబోలా ఆకారంలో లేదు, పల్చటి రేకు కాబట్టి తుడిచేకొద్దీ ఇంకా వంగిపోయేది. ముందున్న లెన్సు ఆకుపచ్చ ఛాయ ఉన్న మందపు గాజు, కాంతిని పంపడం కంటే మింగడమే ఎక్కువ. ఇంకో పెద్ద తప్పు, దీపాలు అమర్చినవాడే వాటి స్థితి గురించి ప్రభుత్వానికి నివేదికలు ఇచ్చేవాడు.

1820 నుంచి 1852 దాకా బాధ్యత ఫిఫ్త్ ఆడిటర్ స్టీఫెన్ ప్లెసంటన్‌ది. నిజాయితీపరుడు, పైసా పోనివ్వడు. 1814లో బ్రిటిష్ సేన వాషింగ్టన్ మీదకు వస్తుంటే స్వాతంత్ర్య ప్రకటన మూలప్రతిని నారసంచుల్లో పెట్టించి ఊరు దాటించింది ఆయనే. ఆయన చేతిలో 55 దీపాలు 300 దాటాయి. ఓడల వ్యాపారం పెరిగిన ఆ కాలంలో అంత కట్టడం చిన్న సంగతి కాదు. కానీ ఆయనకు కాంతి గురించి చెప్పేవాళ్లు కలెక్టర్లూ, లూయిస్సే. ఫ్రాన్సులో ఫ్రెనెల్ లెన్సు, అంటే గాజు వలయాలతో కాంతిని కూడగట్టి దూరం పంపేది, 1823 నుంచే వెలుగుతోంది. దాని కొనుగోలు ధర ఎక్కువ. ఏటా మిగిలే నూనె, ఓడకు అదనంగా కనిపించే దూరం ఆడిటరు పద్దులో ఒకచోట కలవవు కాబట్టి ఆ ధర ఒక్కటే కంటికి కనిపించింది.

అమెరికాలో మొదటి ఫ్రెనెల్ లెన్సు 1841లో వెలిగింది. ఎక్కడంటే నావెసింక్ కొండల మీద, శాండీ హుక్‌కు కాస్త దక్షిణంగా, నెలకు 30 పౌన్ల తగాదా జరిగిన ఆ దీపం కంటికి ఆనేంత దగ్గర. అక్కడ రేవులోకి వచ్చే కెప్టెనుకు ఒకే రాత్రి రెండు రకాల వెలుగూ పక్కపక్కనే కనిపించేవి. ఫిర్యాదులు పెరిగాయి, విచారణలు జరిగాయి. 1852లో లైట్‌హౌస్ బోర్డు వచ్చింది. అందులో నౌకాదళం వాళ్లు, సైన్యం ఇంజనీర్లు, జోసెఫ్ హెన్రీ లాంటి శాస్త్రవేత్తలు. జిల్లాకో ఇన్‌స్పెక్టరు. కస్టమ్స్ కలెక్టరుకు దీపాల దగ్గర మిగిలింది జీతాలు పంచడం, కాపలాదారుల పేర్లు సిఫారసు చేయడం. దీపం ఎలా వెలుగుతోందో చూడటానికి మొదటిసారి అది తెలిసినవాళ్లు వచ్చారు.